ముందు మౌసం, తర్వాత జహాజు



ఈసారి సముందర్ గురించి మాట్లాడుకుందాం. బోరబండలో కూర్చుని సముందర్ ముచ్చటేందని నవ్వుకోకండి. మన సైట్-త్రీ గల్లీ నుంచి సముద్రానికి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే, నిజమే. కానీ ఎంఎంటీఎస్‌లో ఒక్క స్టేషన్ అవతల, హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పనిచేసే మన పిల్లలకు కొత్త షౌఖ్ పట్టుకుంది. నిన్నటిదాకా బండ్ల మీద లద్దాఖ్ అన్నారు. ఇప్పుడు ముగ్గురు కలిసి వాటాలేసుకుని, పాత క్రూజింగ్ యాట్ ఒకటి కొని, తీరం వెంబడి సఫర్ చేస్తామంటున్నారు. ఆ ముగ్గురిలో ఒకడు మా భాంజా.

యాట్ అనగానే సినిమాల్లో సేఠ్‌లు పార్టీలు చేసుకునే తెల్ల పడవ గుర్తొస్తుంది. వీళ్లు చెప్పేది అది కాదు. ముప్పై, ముప్పై అయిదు అడుగుల తెరచాప పడవ. లోపల నలుగురు పడుకునే చోటు, మూలన చిన్న స్టౌ, గాలి లేనప్పుడు పనికొచ్చే డీజిల్ ఇంజన్. అంతే. దాని మీద విశాఖపట్నం నుంచి చెన్నై దాకా పోవాలని వీళ్ల ఇరాదా.

మా ఆపా ఒక్క మాటలో తేల్చేసింది: "సముందర్ మనకెందుకు? అది నేవీ వాళ్ల పని, లేకుంటే పైసలున్నోళ్ల పని." భాంజా లాప్‌టాప్ తెరిచి నాకు లెక్క చూపించాడు: "మామూ, మొత్తం 365 నాటికల్ మైళ్లు. గంటకు 5 చొప్పున 73 గంటలు. అంటే మూడు రోజులు. రిపబ్లిక్ డే పక్కన రెండు లీవులు కలిపితే అయిపోద్ది."

ఇద్దరితోనూ నాకు ఇత్తెఫాక్ లేదు. నా రాయ్ ఇది: ఈ సఫర్ మన పిల్లలు చేయొచ్చు, చేయాలి కూడా. కానీ వాపసు తారీఖు ముందే ఖాయం చేసుకుని పడవ ఎక్కొద్దు. ఆఫీసు క్యాలెండర్‌ని పట్టుకుని సముద్రాన్ని ప్లాన్ చేయడమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖతర్నాక్ విషయం.

ముందు ఆపాకి జవాబు.

సముద్రం మనది కాదనే ఖయాల్ ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలియదు. తెలుగువాళ్లు మచిలీపట్నాన్ని బందరు అంటారు. బందర్ అంటే ఫార్సీలో రేవు. పడవని నిలబెట్టే లంగరు ఫార్సీ మాట. గోదావరి లాంచీ నడిపే సరంగు ఫార్సీ 'సర్‌హంగ్' నుంచి వచ్చాడు. రేవులో బరువులు మోసే కళాసీ, ఆకాశం నల్లబడగానే నోటికొచ్చే తుఫాను అరబీ నుంచి వచ్చిన మాటలు. ఇంగ్లిషువాళ్ల మాన్సూన్ కూడా మన మౌసమే, అరబీ 'మౌసిమ్'. ఒక జబాన్‌లోకి ఇన్ని మాటలు కితాబుల నుంచి రావు. ఓడ దిగి, రేవులో బేరమాడి, పక్కన కూర్చుని తిన్న మనుషుల నుంచి వస్తాయి. గోల్కొండ సుల్తానులకు బందరే సముద్రపు దర్వాజా. అక్కడ డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో కోఠీలు తెరిచారు. అదే రేవు నుంచి జహాజులు ఎర్రసముద్రం వైపు, అరకాన్, పెగూ వైపు వెళ్లేవి. ఆ జహాజుల యజమాని నాఖుదా గాలి మారే నెల కోసం ఆగేవాడు. 'నెలాఖరుకి డెలివరీ' అని ఎవరికీ మాట ఇచ్చేవాడు కాదు.

సరే, అది పాత కిస్సా అనుకుందాం. ఇవాళ్టి సంగతి చూడండి. హిందూ మహాసముద్రంలో అలలు ఎంతెత్తు లేస్తాయో, ఉబ్బు ఎటు నుంచి వస్తుందో, ప్రవాహం ఎటు లాగుతుందో రోజూ లెక్కగట్టి మత్స్యకారులకు ఖబర్ పంపే దఫ్తర్ ఎక్కడుందో తెలుసా? ముంబైలో కాదు, చెన్నైలో కాదు. మన బోరబండ నుంచి కూకట్‌పల్లి దాటితే వచ్చే ప్రగతినగర్‌లో. పేరు ఇన్‌కాయిస్. 1999లో పెట్టారు. 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కణ్నుంచే. చిన్న పడవలు తిరగబడే ప్రమాదం ఎక్కడుందో ముందుగా చెప్పే సర్వీసు కూడా వాళ్ల దగ్గరుంది. సముందర్ హాల్ మన గల్లీ పక్కనే తయారవుతుంటే, సముందర్‌తో మనకేం పని అనుకోవడం అజీబ్ కదా?

నీళ్ల మీద హునర్ నేర్చుకునే జాగా కూడా ఊళ్లోనే ఉంది. 1560లలో ఇబ్రాహీం ఖులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్ మీద ఇవాళ తెరచాప పందేలు జరుగుతాయి. సుహేమ్ షేక్ 2009లో మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో బస్తీల పిల్లలు, సర్కారీ బడుల పిల్లలు చిన్న పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. గాలి ఎటు తిరిగితే తెర ఎటు తిప్పాలో అక్కడ చేతులకు వచ్చేస్తుంది. లద్దాఖ్ కంటే ముందు సైకిల్ రావాలి కదా, అలాగ.

ఇక 'నేవీ వాళ్ల పని' అన్న మాట. నేవీ వాళ్ల పనే కావచ్చు, కానీ ఆ నేవీలో ఎవరున్నారు? 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ బయల్దేరింది. అందులో ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లలో బొడ్డపాటి ఐశ్వర్య మన హైదరాబాద్ అమ్మాయి, పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం అమ్మాయి. 254 రోజుల్లో, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 2018 మే 21న గోవా చేరారు.

ఇప్పుడు భాంజాకి జవాబు. అదీ ఇక్కణ్నుంచే మొదలవుతుంది. చూడు బేటా, ఆ ఆరుగురు ఒక్కరోజున లేచి దునియా చుట్టడానికి పోలేదు. 2016లో మారిషస్ వెళ్లొచ్చారు. ఆ డిసెంబరులో కేప్ టౌన్ దాకా పోయారు. అప్పుడుగానీ అసలు సఫర్ కాదు. బయల్దేరే నెలని కూడా మౌసమే ఖరారు చేసింది: దక్షిణాన ఎండాకాలం ఉన్నప్పుడు కేప్ హార్న్ దాటాలి, గోవాలో వానలు దిగకముందే ఇంటికి చేరాలి. ఇంత ఇంతెజాం చేసుకున్నాక కూడా, ఇంటికి చేరువవుతుండగా హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రం చెడింది. ప్లాన్‌లో లేని పోర్ట్ లూయిస్‌కి మళ్లి, మరమ్మతు చేయించుకుని వచ్చారు. దేశమంతా చూస్తున్న సఫర్‌లో ఆగడానికి వాళ్లు షరమ్ పడలేదు. వెనక ఫౌజ్ ఉన్నవాళ్లే ఆగితే, వెనక హెచ్ఆర్ మాత్రమే ఉన్నవాళ్లు ఎంత ఆగాలి?

నీ 73 గంటల లెక్కలో గుణకారం సరిగ్గానే ఉంది. అందులో సముందర్ లేదు, అంతే. ఒక్కో మంజిల్ చూద్దాం. దూరాలు ఉజ్జాయింపు.

విశాఖ నుంచి కాకినాడ 75 మైళ్లు, 15 గంటలు. మధ్యాహ్నం బయల్దేరితే రాత్రంతా నడిచి తెల్లారే వెలుతురులో రేవు చేరొచ్చు. కొత్త రేవులోకి చీకట్లో దూరకూడదన్నది పడవ నడిపేవాళ్ల పాత ఉసూల్. కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి లోపలి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఈ దారి మొత్తంలో అల్లాహ్ ఇచ్చిన మంచి పనాహ్ అదే.

కాకినాడ నుంచి బందరు వైపు 90 మైళ్లు, 18 గంటలు. ఇక్కడ గోదావరి మొహానాలు. నది తెచ్చిన ఒండ్రు సముద్రంలోకి దూరందాకా పాకి ఉంటుంది, వరద వరదకీ దిబ్బలు జాగా మారుస్తాయి. తీరం చదునుగా ఉంటుంది కాబట్టి దగ్గరికొచ్చేదాకా కనబడదు. 1867 జూన్ 19న యూఎస్ఎస్ శాక్రమెంటో అనే అమెరికన్ యుద్ధనౌక గోదావరి మొగ దగ్గరి దిబ్బలకు తగులుకుని నాశనమైంది. మనుషులు బతికి బయటపడ్డారు. ఆ పేరుతో అక్కడ లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. పైగా ఈ దారిలో చమురు, గ్యాసు ప్లాట్‌ఫారాలున్నాయి, చుట్టూ 500 మీటర్ల లోపలికి పోకూడదు. కాబట్టి నేల మీద గీసిన సీదా గీత ఇక్కడ పనికిరాదు, దూరంగా తిరిగే పోవాలి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు అచ్చేసే చార్టులు, వాటికి వచ్చే తాజా దిద్దుబాట్లు పడవలో ఉండాలి. ఫోన్‌లో మ్యాప్ మీద భరోసా పెట్టుకోకు.

బందరు పేరు పెద్దదే గానీ, మొగ దగ్గర ఇసుక మేటలు వేస్తుంది. చేపల పడవలే పోటు కోసం కాచుకుంటాయి. నీ యాట్ అడుగున ఉండే కీల్ మీటరున్నర పైనే లోతుకు దిగుతుంది. గోల్కొండ కాలపు జహాజులు కూడా ఇక్కడ దూరంగా లంగరేసి, చిన్న పడవల్లోనే సరుకు దించేవి.

బందరు నుంచి కృష్ణపట్నం 130 మైళ్లు, 26 గంటలు. అసలు ఇమ్తెహాన్ ఇదే. దివిసీమ మూల తిరిగాక, మధ్యలో ఇంత లోతు కీల్ ఉన్న పడవ నమ్మకంగా తలదాచుకునే చోట్లు బహుత్ తక్కువ. గాలి పెరిగిందంటే ఒడ్డు వైపు పరుగెత్తడం తప్పు, ఒడ్డు నుంచి దూరంగా లోతు నీళ్లలోకి పోవాలి. ఇది నేలమీద పెరిగిన మన దిమాగ్‌కి ఉల్టా అనిపిస్తుంది. చిన్న పడవలు ఎక్కువగా ముక్కలయ్యేది ఒడ్డు దగ్గరే.

కృష్ణపట్నం నుంచి చెన్నై 70 మైళ్లు, 14 గంటలు. దారిలో శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ నీళ్లు బంద్, హెచ్చరిక ముందే వస్తుంది. చెన్నై హార్బర్‌లో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. ఈ దారిలో తెరచాప పడవని తెరచాప పడవలా చూసే జాగా ఆఖరున అదే.

ఇప్పుడు మౌసం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫానుల వేళ. 1977 నవంబరు 19 దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే పడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర. మే నెలలో మళ్లీ ఒక తుఫాను గడియ, జూన్ నుంచి నైరుతి. మార్చి, ఏప్రిల్‌లో గాలి దక్షిణం వైపు నుంచి, తీరపు ప్రవాహం ఉత్తరానికి, రెండూ నీ మొహం మీదికే. చెన్నై వైపు పోయేవాడికి మిగిలింది జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. ఈశాన్యం గాలి వీపున ఉంటుంది. అప్పుడు కూడా కొన్ని రోజులు గాలి పూర్తిగా చచ్చిపోతుంది, ఇంజన్ మీదే నడవాలి, దానికి డీజిల్ లెక్క వేరే.

అంటే నీ రిపబ్లిక్ డే తప్పేం కాదు, తప్పంతా 'మూడు రోజులు'లో ఉంది. 73 గంటల నడకకి కనీసం రెండున్నర, మూడు వారాలు పెట్టుకో. కాకినాడలో నాలుగు రోజులు ఊరికే కూర్చోవాల్సి రావొచ్చు. కృష్ణపట్నంలోనే పడవ వదిలి బస్సెక్కాల్సి రావొచ్చు. ఎల్లుండి సోమవారం క్లయింట్ కాల్ ఉందన్న ఒక్క ఫికర్ చాలు, 25 నాట్ల గాలిని 'పర్లేదు, వెళ్లిపోదాం' అనిపించడానికి. సైబరాబాద్ నేర్పిన హునర్ అంతా డెడ్‌లైన్ నుంచి వెనక్కి లెక్కేసుకోవడమే. ఆఫీసులో అది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఆలస్యమైతే మెయిల్ వస్తుంది. ఇక్కడ తొందరపడితే జనాజా కూడా దొరక్కపోవచ్చు. కఠినంగా ఉందేమో, కానీ మామూగా చెప్పాల్సిన మాట ఇది.

రాత్రి సంగతి కూడా ఉంది. ముగ్గురిలో ఒకడు మూడు గంటలు కాపలా, మిగతా ఇద్దరు నిద్ర. చీకట్లో దీపం లేని చేపల పడవలు, మైళ్ల పొడవు వలలు ఉంటాయి. వల చుక్కానికి చుట్టుకుంటే కోయడానికి పదునైన కత్తి చేతికందేలా ఉండాలి. పడవకి కట్టిన తాడు నడుముకి లేకుండా రాత్రి బయట అడుగు పెట్టొద్దు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతావు. నీళ్ల లెక్క మీ అమ్మీని అడుగు. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, ముగ్గురికి ఎనిమిది రోజులకి 96 లీటర్లు, ఖుదా నా కరే ఏమైనా అయితే అని ఇంకో సగం కలిపితే 150. అన్నీ ఒకే టాంకులో పోయకుండా వేరువేరు డబ్బాల్లో పెట్టాలి, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని బస్తీలో డ్రమ్ములు, బిందెలు లెక్కపెట్టుకుంటూ పిల్లల్ని పెంచిన ఆడవాళ్లకి ఈ ఇల్మ్ ఏ యాప్ కంటే బాగా తెలుసు. ఆపాని 'వద్దు' అనే మనిషిగా మాత్రమే చూడకు. ఆమెను ఈ ఇంతెజాంలో కూర్చోబెట్టు.

కానూన్ సంగతి: 26/11 తర్వాత తీరం మీద నిఘా పెరిగింది, పెరగాలి కూడా. పడవ కాగితాలు, రేడియో లైసెన్సు, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసిన కాగితం పోర్టుకి, కోస్ట్ గార్డ్‌కి ముందే ఇవ్వాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానెల్ ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఆపదలో ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ఎపర్బ్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో చూసి ఇజాజత్ లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లు తీసుకెళ్తే అది జుర్మ్. నీ పేరు, నీ గడ్డం చూసి ఎవరైనా రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారేమో. అందుకే నీ కాగితాలు రెండు రెట్లు పక్కాగా ఉండాలి. ఇది ఇన్సాఫ్ కాదు, నాకు తెలుసు. అయినా తీరం మీద నిలబడి బహస్ చేసే వేళ అది కాదు.

చివరగా సర్కారుతో ఒక మాట. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం చెక్కించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లు. తాను ఖరారైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆయన రాతి మీద రాసిచ్చాడు. దూరదేశపు నావికుడి మీద ఓ భూపతికి ఉన్న రహమ్ అది. ఇవాళ మనకు పెద్ద పోర్టులున్నాయి, ఇంకా కడుతున్నారు. అవన్నీ కంటైనర్ల కోసం, బొగ్గు కోసం. గాలి పెరిగిన రాత్రి ఒక చిన్న తెరచాప పడవ 'రెండు రోజులు ఆగుతాం' అంటే నిలవడానికి ఒక మూల, ఒక లంగరు బోయా, మాట్లాడే ఒక అధికారి చాలు. మన తీరానికి కావాల్సింది ఆ కొత్త అభయశాసనం. అది మా భాంజా కోసమే కాదు, ఇంజన్ చెడిన ప్రతి చేపల పడవకీ పనికొస్తుంది.

పిల్లలు ఇలాంటి సఫర్ అడిగినప్పుడు 'వద్దు' అనకండి, 'ఇన్‌షాఅల్లాహ్' అని వదిలేయకండి. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్నది మన దీన్ నేర్పిన సబఖ్. కట్టారో లేదో ఇలా అడగండి: ఇప్పటిదాకా ఎన్ని రాత్రులు నీళ్ల మీద గడిపావు? ఎంత గాలి ఉంటే బయల్దేరవు, ఆ అంకె కాగితం మీద రాశావా? ప్రతి మంజిల్‌లో వెనక్కి మళ్లే చోటు ఏది? ముగ్గురిలో ఒక్కడు 'వద్దు' అంటే ఆగుతారా? ఆఫీసులో వాపసు తారీఖు చెప్పావా?

ఆఖరి ప్రశ్నకి 'చెప్పాను' అని జవాబొస్తే, ఈ సంవత్సరానికి హుస్సేన్ సాగర్ చాలు.

ఖుదా హాఫిజ్.